నాయన లారీ హ్యాండిలు

1946 సెప్టెంబరు 23, సోమవారం

జయరావు వచ్చాడు. పాకాలలో రైలు దిగి అక్కడినుంచి ఎద్దుల బండి మాట్లాడుకుని వచ్చాడు. అయిదేళ్లు పట్టాళంలో లారీలు తోలినవాడికి సొంత ఊరు పూతలపట్టు చేరడానికి ఎద్దులే దిక్కయ్యాయి.

అమ్మ వాడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని నుదురు, చెవులు, మెడ అన్నీ తడిమింది, సంతలో కోడెదూడను తడిమినట్టు. నేను రోజూ కళ్లెదురుగా ఉంటాను కాబట్టి నన్ను తడమాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

కాళ్లు కూడా కడుక్కోకుండా తమ్ముడు నన్నడిగిన మొదటి మాట, "అన్నా, నాయన బండి ఎట్లుండాది?"

"ఉండాది," అన్నాను. నేనెట్లున్నానని అడిగి ఉంటే ఆ జవాబే చెప్పేవాణ్ణి.

అమ్మ కొంగుముడి విప్పి షెడ్డు తాళంచెవి వాడి చేతిలో పెట్టింది. నాయన పోయిన నాటినుంచి అది ఆ ముడిలోనే ఉంది. నేను రెండుసార్లు అడిగాను. లారీ అమ్మేద్దామని ఒకసారి. ఊరికే ఎక్కి కూర్చుందామని ఒకసారి. రెండుసార్లూ ఒకటే మాట: "చిన్నోడు రానీరా." చిన్నోడు వచ్చాడు. ఇంకేం.

సెప్టెంబరు 24

షెడ్డు తెరిచారు. తెరిచారు అని రాశాను గానీ నేనూ అక్కడే ఉన్నాను.

నలభై రెండులో పెట్రోలు కరువొచ్చినప్పుడు నాయన తన చేతుల్తోనే లారీని నాలుగు రాతి దిమ్మెల మీదికి ఎక్కించాడు. ఆ ఏడే పోయాడు. అది ఇంకా అలాగే ఉంది. సీట్లో కోడి పొదుగుతోంది. వెనక తొట్టిలో అమ్మ చింతపండు బానలు. చక్రాలు వాసాలకి వేలాడుతున్నాయి. బానెట్టు మాత్రం తళతళలాడుతోంది. ప్రతి శనివారం అమ్మ పాత చీరముక్కతో తుడిచేది. లోపల ఇంజనొకటి ఉంటుందని ఆమెకేం తెలుసు పాపం.

జయరావు ఇంజను తిప్పే ఇనప హ్యాండిలు లారీ ముందు రంధ్రంలో దూర్చి రెండు చేతులతో నొక్కాడు. కదల్లేదు. మోకాలు ఆనించి నొక్కాడు. లేదు.

"పట్టేసినాదన్నా. నెలకొకసారి ప్లగ్గులు తీసి రెండు చెంచాలు ఆయిలు పోసి నాలుగు చుట్లు తిప్పమని రాసినా గదా. ప్రతి ఉత్తరంలోనూ రాసినా."

"సగం ఉత్తరాలు సేరనే లేదబ్బా. యుద్ధం గదా."

"అన్నీ సేరినాయి కదరా ప్రేమానందం," అంది అమ్మ పక్కనుంచి. "నువ్వే గదా నాకు సదివి సెప్పినావు."

"సదివినవన్నీ సేరినవే. సేరనివి ఎట్లా సదివేది?" అన్నాను. అక్షరం రాని మనిషితో వాదించడం సులభం.

నిజానికి ఆ ముక్కలు నేను చదివేవాణ్ణి కాదు. చదివితే ఆమె నన్ను షెడ్డులోకి తోలేది. బడిపంతుల్ని, నూనెచేతులతో బడికి పోతే పిల్లలు నవ్వరా? చివర 'అన్న ఆరోగ్యం జాగ్రత్త' అని రాసేవాడు. అదైతే ఒక్కసారి కూడా వదలకుండా చదివాను.

అక్టోబరు 3

బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అయిదో తరగతి లెక్కలు చూసి మెచ్చుకున్నాడు. ఇంట్లో చెప్పాను. సరిగ్గా అప్పుడే లారీ కిందినుంచి జయరావు ఏదో అన్నాడు, అందరూ నవ్వారు.

అక్టోబరు 9

ఇంజను గొట్టాల్లో కిరసనాయిలూ ఆముదమూ కలిపి పోసి వదిలేశాడు. ఎనిమిది రోజులు ఊరాలట. రోజూ పొద్దున పోయి హ్యాండిలు మీద చెయ్యి వేసి, రోగి నాడి చూసినట్టు చూసి వస్తాడు. అమ్మ భోజనం ముందు ప్రార్థనలో లారీని కూడా చేర్చింది. ఇన్నేళ్లలో ఆమె ప్రార్థనలో నా ఉద్యోగం ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాయన నన్నెప్పుడూ స్టీరింగు ముట్టనివ్వలేదు. "నీ చేతులు సుద్దముక్కకే పుట్టినాయిరా," అనేవాడు. జయరావుకి పద్నాలుగో ఏటనే ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పాడు. చదువుకున్నవాణ్ణి చదువుకున్నాడని ఎగతాళి చేసే ఇల్లు మాది.

అక్టోబరు 17

కదిలింది. వేలెడంత.

అమ్మ కేకవేసి ఏడ్చింది. నా భార్య సంతోషమ్మ చేతిలో పిండి ఉన్నా లెక్కచెయ్యకుండా షెడ్డులోకి పరిగెత్తింది. "యేమిరా మరిదీ, బతికినాదా మీ నాయన గుర్రం?" అని అడిగింది. "మూలిగినాది వదినా, ఇంక లేస్తాది," అన్నాడు వాడు. ఆమె పగలబడి నవ్వింది. పెళ్లయి ఏడేళ్లయింది. ఆమెకి అలా నవ్వడం వచ్చని నాకు ఈ రోజే తెలిసింది.

అక్టోబరు 26, శనివారం

జయరావుకి సంబంధం. వడమాలపేట నుంచి పిల్ల తరఫువాళ్లు వచ్చి చూసి వెళ్లారు. పిల్ల పేరు చంద్రకాంతమ్మ. తండ్రి కాంపౌండరు, మన క్రైస్తవ సంఘంవాడే. జయరావుని చూడకముందే లారీని చూశాడు. చుట్టూ తిరిగి, ఈ మధ్యే బిగించిన టైర్లు తట్టి, "క్రిస్మసుకి రోడ్డెక్కుతాదా అబ్బాయ్?" అన్నాడు.

"క్రిస్మసు పొద్దున మా అమ్మను దీంట్లోనే చర్చికి తీసకపోతా సార్," అన్నాడు వీడు.

"అయితే ఫిబ్రవరిలో పెళ్లి పెట్టుకుందాం."

బెల్లం మండీ సుబ్రమణ్యం అప్పుడే తిరుపతి లోడు మాట ఇచ్చేశాడు. లారీ, లోడు, పిల్ల, అన్నీ వాడికి ఒక్క నెలలో. నేను టైఫాయిడుతో పడుకున్న నెల కూడా బడి మానలేదు. దాని గురించి ఎవడైనా మాట్లాడాడా?

మంచి పిల్లే. వాడికి మంచే జరగాలి. అన్నగా కోరుకుంటున్నాను.

నవంబరు 10

నాకు పని చెప్పాడు, పెద్ద ఉపకారం చేసినట్టు. ఇంజను తిప్పేటప్పుడు ఒకరు లోపల కూర్చోవాలట. స్టీరింగు కింద ఎడమవైపు చిన్న లివరు ఉంది. నిప్పు ఎప్పుడు పుట్టాలో అది చెబుతుందట. తిప్పేటప్పుడు అది పైకి ఉండాలి. స్టార్టయిన వెంటనే కిందికి లాగాలి.

"తిప్పేటప్పుడు కిందుంటే ఏమైతాది?" అన్నాను.

"హ్యాండిలు వెనక్కి తంతాదన్నా. గాడిద తన్నినట్టు. పట్టాళంలో మావాడొకడికి మోచెయ్యి పోయినాది." తర్వాత బొటనవేలు సంగతి కూడా చూపించాడు. పిడికిలి బిగించకూడదు, బొటనవేలు మిగతా వేళ్ల పక్కకే పెట్టుకోవాలి. నేను తిప్పేవాణ్ణి కాదు గదా, నాకెందుకు?

సీట్లో కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్ల వయసులో మా నాయన లారీ సీట్లో మొదటిసారి కూర్చున్నాను. కోడి వాసన.

నవంబరు 16, శనివారం

ప్రమాదం జరిగింది. జయరావు చేతికి దెబ్బ తగిలింది. కుడి మణికట్టు. బెణుకు.

నేను పైకే పెట్టాను.

అదే రోజు, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాసిపెడితే మంచిది. కొత్త ప్లగ్గులు వేశాడు, పెట్రోలు పోశాడు. అమ్మ ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. వాడే ముందు లోపలికి వంగి అన్నీ సర్దిపెట్టి, ముందుకి పోయాడు. నేను సీట్లో ఉన్నాను. సంతోషమ్మ కాఫీ లోటాలు పట్టుకుని వాకిట్లో నిలబడింది. వాడు చేతుల్లో ఉమ్మేసుకుని ఆమెతో ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. కాఫీ ఒలికింది, అయినా నవ్వుతూనే ఉంది.

వాడు వంగి, "పైకి పెట్టినావా అన్నా?" అని అడిగాడు.

"పెట్టినా, తిప్పు," అన్నాను.

తిప్పాడు. హ్యాండిలు వెనక్కి తిరిగి మణికట్టు మీద కొట్టింది. ఎండుకట్టె విరిచిన చప్పుడు. వాడు అరవలేదు, నేలమీద కూర్చుండిపోయాడు. అమ్మ అరిచింది.

పాత బండి. నాలుగేళ్లు మూలనపడి ఉంది. దానికేం రోగమో ఎవడికి తెలుసు? పెట్టినా అన్నాను, పెట్టాను.

నవంబరు 17, ఆదివారం

చర్చికి పోయాం. జయరావు రాలేదు. చెయ్యి మోచేతిదాకా వాచింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుందామంది అమ్మ. ఎముక విరిగితే చుట్టుపక్కల నాలుగు జిల్లాలూ పరిగెత్తేది పుత్తూరుకే. నేనే వద్దన్నాను. ఎముక విరిగితే గదా పుత్తూరు. బెణుక్కి పుత్తూరు పోతే ఊరు నవ్వదా? చింతపండు, ఉప్పు ఉడకబెట్టి పట్టు వేయించాను.

"పుస్తకాలు సదివినోడు సెప్తాండాడు, విందాం," అంది అమ్మ. ఇన్నేళ్లకి నా చదువుకి విలువ ఇచ్చింది.

నవంబరు 18

కుప్పమ్మని పిలిపించాను. బెణుకులు రుద్దడంలో ఆమె పెట్టింది పేరు. ఆముదం వేడిచేసి రుద్దింది. జయరావు దుప్పటి కొరుక్కుని పడుకున్నాడు. కుప్పమ్మ మధ్యలో ఆగి, "అయ్యా, లోపల ఏందో గరగరమంటాండాది," అంది.

"నరం. నరం తప్పినాది, రుద్దు," అన్నాను.

రుద్దింది.

నవంబరు 19

మళ్లీ రుద్దింది. వేళ్లు నల్లబడ్డాయి. బెణుకే.

నవంబరు 20, బుధవారం

అమ్మ నాతో చెప్పకుండా వాణ్ణి రోడ్డు మీదికి తీసుకుపోయి బస్సుకి నిలబెట్టింది. తప్పదని నేనూ బయల్దేరాను. బడికి సెలవు. బొగ్గు కాల్చిన గ్యాసుతో నడిచే బస్సు, ప్రతి ఎత్తు దగ్గరా దిగి తొయ్యాలి. జయరావు కూడా దిగి ఎడమచేత్తో తోశాడు. తిరుపతిలో బస్సు మారి, వడమాలపేట దాటి పుత్తూరు చేరేసరికి మధ్యాహ్నం. వడమాలపేటలో బస్సు ఆగినప్పుడు వాడు తలగుడ్డ చేతిమీద కప్పుకున్నాడు, కాంపౌండరు కంటపడకుండా.

కట్టు కట్టే పెద్దాయన చెయ్యి పట్టుకుని వేళ్లతో ఒకసారి నొక్కాడంతే.

"హ్యాండిలు దెబ్బ గదప్పా ఇది? డ్రైవర్లు వస్తానే ఉంటారు ఈ దెబ్బతో. ఎన్నాళ్లయినాది?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులా? రుద్దినట్టుండారే! విరిగిన ఎముకను రుద్దమన్న మహానుభావుడు ఎవడప్పా?"

నేను గోడమీద కేలండరు చూస్తున్నాను.

ఆకుపసరు పూసి, గుడ్డ చుట్టి, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. గుడ్లు మా ఇంటివే. లారీ సీట్లో పెట్టినవి అమ్మ మూటగట్టి తెచ్చింది. కడుతూ కడుతూ అడిగాడు, "నువ్వు పట్టాళం డ్రైవరు గదా. పైకి పెట్టకుండా తిప్పుతావా? లివరు కాడ ఎవరుండారు?"

జయరావు నావైపు చూడలేదు.

"ఎవురూ లేరు సామీ. నేనే మర్చిపోయినా," అన్నాడు.

పెద్దాయన తల ఊపాడు. "అతుకుతాది. కానీ మునపటి మాదిరి తిరగదు. పట్టు ఉండదు. దెబ్బ తగిలిన రోజే వచ్చుంటే వేరే మాట."

బయటికి వచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నా మీద కోపం లేదు ఆమెకి. తన చిన్నకొడుకు మతిమరుపుకి ఏడుస్తోంది.

నవంబరు 21

నేనే మర్చిపోయినా అన్నాడు. అయితే మర్చిపోయి ఉంటాడు. వాడి నోటితోనే అన్నాడు గదా.

డిసెంబరు 2, సోమవారం

వడమాలపేటకి ఉత్తరం రాశాను. పెళ్లి మాటలు జరుగుతున్నప్పుడు వరుడి అంగవైకల్యం దాచడం మోసం. 'దేవుని యెదుట సత్యము దాచరాదు గనుక, మా తమ్ముని కుడిచేయి ఇక మీదట పూర్వము వలె పనికిరాదని వైద్యులు చెప్పిన సంగతి తమకు విన్నవించుకొనుచున్నాను' అని రాశాను. దస్తూరీ బాగా కుదిరింది. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో.

డిసెంబరు 9

కాంపౌండరు జవాబు రాశాడు. జయరావు పేరుమీద వచ్చింది. వాడు వాకిట్లో కూర్చుని అమ్మకి చదివి వినిపించాడు. ఒక్క ముక్క వదల్లేదు. సంబంధం వద్దనుకుంటున్నామన్న ముక్కా, 'నిజం దాచకుండా తెలియజేసిన మీ అన్నగారికి మా కృతజ్ఞతలు' అన్న ముక్కా. అన్నీ చదివి, మడిచి, నా చేతికిచ్చాడు.

"ఉత్తరాలు అన్నీ సేరతాండాయన్నా ఇప్పుడు," అన్నాడు.

డిసెంబరు 10

సంతోషమ్మ నవ్వడం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

డిసెంబరు 14

వాడు పని ఆపలేదు. ఆపుతాడనుకున్నాను. ఎడమచేత్తో నట్టు పట్టుకుని, "అన్నా, ఇట్లా రా," అంటాడు. పోవాలి. అమ్మ చూస్తుంటుంది. "ఇది పట్టు. ఇంకా బిగించు. ఇంకా." బడినుంచి వచ్చి చీకటి పడేదాకా ఇదే. ఇంజను విప్పాం. పిస్టన్లకి కొత్త రింగులు వేశాం. కార్బొరేటరు కిరసనాయిల్లో కడిగాను. సుద్దముక్క పట్టే చేతులు, గోళ్ల కింద నలుపు ఎంత తోమినా పోదు. నిన్న బడిలో ఒక పిల్లవాడు నవ్వాడు. బెత్తం విరిగేదాకా కొట్టాను.

నన్ను తిట్టడు. గొంతు పెంచడు. నేను తప్పు చేస్తే, "అది కాదన్నా, విప్పి మళ్లీ చెయ్యి," అంటాడు. నాయన గొంతు లాగే ఉంటుంది.

డిసెంబరు 15, ఆదివారం

ఈ పుస్తకం ట్రంకుపెట్టెలో, బట్టల అడుగున ఉంటుంది. తాళంచెవి నా జందెం... ఛీ, నాకు జందెమెక్కడిది, మొలతాడుకే ఉంటుంది. చెయ్యి ఏదేదో రాస్తోంది. అసలు సంగతి రాయడానికి దానికి భయం.

రాస్తాను. ఆ రోజు లివరు పైనే ఉంది. తిప్పడానికి పోయేముందు జయరావే పెట్టి పోయాడు. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు, ఊరికే కూర్చుంటే చాలు. సంతోషమ్మ నవ్వింది. నేను కిందికి లాగాను. పెట్టినావా అని వాడు అడిగినప్పుడు నా చెయ్యి ఇంకా దానిమీదే ఉంది. పైకి నెట్టడానికి వ్యవధి ఉంది. పెట్టినా, తిప్పు అన్నాను.

గాడిద తన్నినట్టు అని వాడే చెప్పాడు గదా నాకు. తెలిసే లాగాను. బెణుకు కాదని కూడా ఆ చప్పుడు విన్నప్పుడే తెలుసు.

అంతే. రాశాను. కడుపులో బరువేమీ తగ్గలేదు.

డిసెంబరు 24, మంగళవారం

కట్టు విప్పారు. మణికట్టు సగం కూడా తిరగడం లేదు. లోటా పట్టుకుంటే జారిపోతోంది. స్టీరింగు మీద ఆనించుకోవడానికైతే చాలునట. గేర్లు ఎలాగూ ఎడమచేతివే.

పొద్దున లారీని షెడ్డులోంచి బయటికి తోశాం. జయరావు ఎక్కి సీట్లో కూర్చున్నాడు. నేను వెనక్కి తిరిగి పోబోతున్నాను.

"యాడికి పోతాండావు? హ్యాండిలు ఎవరు తిప్పాల?"

నిలబడిపోయాను. "నాకు రాదు," అన్నాను.

"నేర్పినా గదా. రింగులు బిగువుగా ఉండాయి, ఎడం చేతికి లొంగలేదు. నువ్వే తిప్పాల. బొటనవేలు లోపలికి పెట్టొద్దు, జాగ్రత్త."

అమ్మ ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది, ఆ రోజు కూర్చున్న చోటనే. సంతోషమ్మ వాకిట్లో నిలబడింది. ఆమె నా చేతుల్నే చూస్తోంది. ఆమెకి తెలుసునని అప్పుడు అర్థమైంది. వాకిట్లోంచి లారీ సీటు స్పష్టంగా కనబడుతుంది మరి.

వంగాను. ఎంత వంగినా అద్దంలోంచి వాడి మొహమే కనబడుతుంది, చెయ్యి కనబడదు. వాడి ఎడమచెయ్యి స్టీరింగు కిందికి పోయింది. అడుగుదామనుకున్నాను. తిప్పాను. రెండోసారి తిప్పాను. మూడోసారికి దగ్గి, నల్లటి పొగ కక్కి, మోత మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వచ్చారు. అమ్మ బానెట్టు మీద బుగ్గ ఆనించి ఏడ్చింది. నేను పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను.

డిసెంబరు 25

అమ్మ లారీలో చర్చికి పోయింది. మహారాణిలా కూర్చుంది. అంతకుముందు తిప్పింది నేను.

1947 జనవరి 6

బెల్లం లోడు. తిరుపతికి. తిప్పాను.

జనవరి 7

తిప్పాను.

జనవరి 8

తిప్పాను. స్టార్టయిన వెంటనే లివరు కిందికి లాగాలి గదా, కాబట్టి నేను లేచి పోయి చూసేసరికి అది ఎప్పుడూ కిందే ఉంటుంది. అంతకుముందు ఎక్కడుందో చూసే దారి లేదు.

జనవరి 17

దారిలో ఎవరు తిప్పుతారని అడిగాను. మిట్టమీద, పల్లంవైపు మొహం పెట్టి ఆపుకుంటాడట. బ్రేకు వదిలితే దొర్లి స్టార్టవుతుంది. ఒక్కడే రెండొందల మైళ్లయినా పోగలడు.

"అయితే ఇంటికాడ కూడా ఆ రోడ్డు వారన మిట్టమీదే పెట్టుకోరాదా?" అన్నాను.

"ఎందుకన్నా? ఈడ నువ్వుండావు గదా," అన్నాడు.

జనవరి 29

మూడు రోజులుగా జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. అయినా పొద్దున ఆరుకి అమ్మ వచ్చి లేపింది. "లెయ్‌రా, తమ్ముడు కాసుకోనుండాడు. వాడి చెయ్యి అట్లయినాక నువ్వే గదా వాడి చెయ్యి," అంది. ఎంత ప్రేమగా అంది! పుట్టి బుద్ధెరిగాక ఇంత ప్రేమగా నన్ను లేపలేదు ఆమె. దుప్పటి కప్పుకునే పోయి తిప్పాను.

ఫిబ్రవరి 8, శనివారం

ఈ రోజు చెప్పేశాను.

నిద్ర లేదు, తిండి లేదు. బడిలో చేతిలో సుద్దముక్క నిలవడం లేదు. ఇక నావల్ల కాదనిపించింది. పొద్దున వాడు సీట్లో కూర్చున్నాక ముందుకి పోకుండా తలుపు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ లోపల ఉంది. సంతోషమ్మ బావి దగ్గర.

"జయరావూ, ఆ పొద్దు లివరు..." అన్నాను.

వాడు రోడ్డు వైపు చూస్తున్నాడు.

"నేనే లాగినా. నువ్వు పైకే పెట్టి పోయినావు. నేనే కిందికి లాగినా. తెలిసే లాగినా. బెణుకు కాదని తెలిసే బెణుకని చెప్పినా. నన్ను కొట్టు. అమ్మతో చెప్పు. బడిలో చెప్పు, చర్చిలో నిలబెట్టి చెప్పు. నన్ను మాత్రం తిప్పమనద్దురా." ఏడ్చాను. నలుగురు పోయే రోడ్డు, అయినా ఏడ్చాను.

వాడు వంకర తిరిగిన మణికట్టుతో స్టీరింగు మీది దుమ్ము తుడిచాడు.

"ఏం లివరన్నా?" అన్నాడు. "నేనే గదా మర్చిపోయింది. పుత్తూరులో సెప్పినా గదా, అమ్మ కూడా వినింది. నువ్వేం చేసినావు? జ్వరంలో ఏందేందో అంటాండావు. పో, పొద్దెక్కుతాది, బెల్లం కారిపోతాది."

"క్షమించినావా?"

"క్షమించేదానికి ఏముండాది? పో."

ముందుకి పోయాను. హ్యాండిలు దూర్చాను. అద్దంలో వాడి మొహం. కోపం లేదు, ప్రేమ లేదు, నిద్ర చాలక కొంచెం వాచిన కళ్లు, అంతే. చెయ్యి స్టీరింగు కిందికి పోయింది. ఇన్నాళ్లూ అడగని మాట ఈ రోజు నోటినుంచి దానంతటదే వచ్చేసింది.

"పైకి పెట్టినావా?"

వాడు నా కళ్లలోకి చూశాడు. వచ్చిననాటినుంచి అంత సూటిగా ఎప్పుడూ చూడలేదు.

"పెట్టినా, తిప్పు," అన్నాడు.

బొటనవేలు మిగతా వేళ్ల పక్కకి పెట్టుకున్నాను. కళ్లు మూసుకుని తిప్పాను. స్టార్టయింది.

రేపు ఆదివారం. లోడు లేదు. అయినా అమ్మ చర్చికి లారీలోనే వస్తానంటోంది.